ఎంఏ హిస్టరీ ఎక్కడ చదవాలి? హెచ్‌సీయూ, ఓయూ, ఏయూ, ఢిల్లీ, చెన్నై, దూరవిద్య

డిగ్రీ చివరి ఏడాదికి వచ్చేసరికి హిస్టరీ అంటే ఇష్టమున్న పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. "హిస్టరీ చదివి ఏం చేస్తావురా?" అని ఇంట్లో అడుగుతారు. ఎక్కడ చదవాలన్నది ఎవరిని అడగాలో తెలియదు. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు తిరగేస్తారు. ఆ పట్టికలో ఇంజనీరింగ్‌కి, మెడిసిన్‌కి, లాకి వేరే ర్యాంకులున్నాయి గానీ హిస్టరీకి లేవు. యూనివర్సిటీ మొత్తానికి వచ్చిన ర్యాంకు చూసి హిస్టరీ శాఖ బాగుంటుందనుకోవడం పొరపాటు.

నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సినవి రెండు. ఎంఏ అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నారు? పరిశోధన వైపు అయితే, ఏ ప్రాంతం, ఏ కాలం, ఆ కాలపు కాగితాలు ఏ భాషలో ఉన్నాయి, ఏ ఊళ్లో ఉన్నాయి? ఈ రెండూ తేలితే యూనివర్సిటీ పేరు దాదాపు దానంతటదే తేలిపోతుంది.

ఉద్యోగమే లక్ష్యమైతే

గ్రూప్-1, గ్రూప్-2 రాయడానికి డిగ్రీ చాలు. అయినా ఎంఏ హిస్టరీ చేస్తే సిలబస్ ఎటూ కవరవుతుందని చాలామంది చేరతారు. కొంతవరకే నిజం. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో రెండో పేపర్ చరిత్ర, సంస్కృతి, భూగోళం. ఆరో పేపర్ పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. ఎంఏలోనేమో చరిత్ర రచనా పద్ధతులు, యూరప్ చరిత్ర, చైనా జపాన్ చరిత్ర లాంటి పేపర్లు కూడా ఉంటాయి. సెమిస్టర్ పరీక్షలు, అసైన్‌మెంట్లు ఒకవైపు, కోచింగ్ నోట్సు ఇంకోవైపు పెట్టుకుంటే రెంటికీ చెడతారు. గ్రూప్సే గురి అయితే ఢిల్లీలోని జేఎన్‌యూ లాంటి చోట చేరకండి. అక్కడ వారం వారం చదివించి, రాయించి మీ సమయమంతా తీసుకుంటారు. దగ్గరలోని రాష్ట్ర యూనివర్సిటీయో, దూరవిద్యో నయం.

జూనియర్ లెక్చరర్ సంగతి వేరు. దానికి ఆ సబ్జెక్టులో పీజీ ఉండాల్సిందే. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాలంటే పీజీ మీద నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ, సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ, పీహెచ్‌డీ గానీ కావాలి. నెట్ రాయాలంటే ఎంఏలో 55 శాతం మార్కులుండాలి; ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం. ఎంఏ ఎలాగోలా గట్టెక్కితే చాలనుకునేవాళ్లు ఈ 55 దగ్గరే చిక్కుకుంటారు. రాష్ట్ర యూనివర్సిటీల్లో చేతిరాత పేపర్లకు మార్కులు ఎంత పొదుపుగా పడతాయో సీనియర్లను అడిగి తెలుసుకోండి.

సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకోవాలనుకునేవాళ్లకు ఎంఏ పనికొస్తుంది. ఏ ప్రశ్ననైనా చరిత్రకారుల మధ్య వాదంగా చూడటం అక్కడ అలవాటవుతుంది. మొదటి పేపర్లో 50 మార్కుల మ్యాప్ ప్రశ్నకు మాత్రం ఎవరికి వాళ్లే సిద్ధపడాలి.

పరిశోధన వైపు చూస్తుంటే: కాగితాలు ఎక్కడున్నాయి?

మన విద్యార్థులకు ఎవరూ చెప్పని విషయం ఇది. మీకు ఏ చరిత్ర మీద ఆసక్తో, దాని ఆధారాలున్న ఊరికి దగ్గరగా చదువుకోవడంలో ఉన్న సుఖమే వేరు.

నిజాం పాలన మీద, హైదరాబాద్ సంస్థానం మీద పని చేయాలంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. ఉస్మానియా క్యాంపస్‌కి పక్కనే. హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) ఉన్న గచ్చిబౌలి నుంచి తార్నాక అంటే నగరానికి ఆ చివర నుంచి ఈ చివరికి. ఆ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ పాలన నాటి మొఘల్ కాగితాలే లక్షన్నర దాకా ఉన్నాయి. నిజాం ప్రభుత్వ శాఖల ఫైళ్లు అదనం. కానీ ఆ మొఘల్ కాగితం ఒకటి చేతికొస్తే, ఫారసీ వచ్చినవాళ్లకు కూడా మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు. షికస్తా రాత అది. ఆఫీసు గుమాస్తా కలం ఎత్తకుండా గబగబా రాసుకుపోయినది. చుక్కలు ఎగిరిపోయి ఉంటాయి, విడిగా ఉండాల్సిన అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. ఆ కొలువు పద్ధతి, మామూలుగా వాడే మాటలు తెలిస్తే తప్ప చదవలేం. 19వ శతాబ్దం చివర్లో ఫారసీ స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది కాబట్టి ఆ తర్వాతి కాలం తీసుకుంటే ఉర్దూతో నెట్టుకురావచ్చు. తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే వచ్చి నిజాం కాలం మీద పీహెచ్‌డీ చేస్తామంటే హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెంట్ ఆఫీసు ఇంగ్లిష్ కాగితాలు, పత్రికలు, ఆత్మకథలకే పరిమితం కావాలి. అలాంటి థీసిస్‌లు ఎన్నో వచ్చాయి, చాలావరకు ఒకే మాట తిప్పి తిప్పి చెబుతాయి.

కోస్తా, రాయలసీమ కథ ఇంకోలా ఉంటుంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆ జిల్లాలన్నీ మద్రాసు ప్రభుత్వం కిందివే. 1832-33 గుంటూరు కరువు, కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట, 1921 పల్నాడు అటవీ సత్యాగ్రహం, 1922-24 రంప తిరుగుబాటు: వీటి ఫైళ్ల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూర్చోవాలి. కావలి సోదరుల సాయంతో సర్వేయర్ కాలిన్ మెకంజీ ఊరూరా సేకరించిన కైఫీయతుల్లోనూ (ఊళ్ల చరిత్రలు) పెద్ద భాగం చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికే చేరింది. ఇంత ఉన్నా మన పిల్లలు చెన్నైని అసలు లెక్కలోకే తీసుకోరు. మద్రాస్ యూనివర్సిటీ భారత చరిత్ర శాఖ పాతది. నీలకంఠశాస్త్రి, మన నేలటూరి వెంకటరమణయ్య పనిచేసిన చోటు. పాండిచ్చేరి యూనివర్సిటీ కూడా ఆలోచించదగ్గదే. అక్కడ సీటు సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ మార్కులతో వస్తుంది, ఊళ్లో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ ఉంది, చెన్నైకి బస్సులో పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. కోస్తా విద్యార్థికి ఢిల్లీ కంటే ఈ దారి చవక, చాలా అంశాలకు పనికొచ్చేది కూడా.

పత్రికల చరిత్ర, గ్రంథాలయోద్యమం, సంఘ సంస్కరణ లాంటివి తీసుకుంటే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వీటికి తెలుగు బాగా వస్తే చాలు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు కృష్ణాపత్రిక పాత సంచిక గడగడా చదవలేక తంటాలు పడుతుంటే, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు హాయిగా చదువుకుపోతారు. మీ చేతిలో ఉన్న ఆ బలాన్ని తక్కువ చేసుకోకండి.

జాతీయోద్యమం, దేశ విభజన, స్వాతంత్ర్యానంతర రాజకీయాలు అయితే ఢిల్లీ తప్పదు. జన్‌పథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్, తీన్‌మూర్తి భవన్‌లోని లైబ్రరీ రెండూ ఢిల్లీలోనే.

హెచ్‌సీయూ, ఓయూ, జేఎన్‌యూ, డీయూ, ఏయూ

తెలుగు రాష్ట్రాల నుంచి పరిశోధన మీద మనసున్న మామూలు విద్యార్థికి నేను మొదట చెప్పేది హెచ్‌సీయూ పేరే. 1974లో పెట్టిన సెంట్రల్ యూనివర్సిటీ, చిన్న క్లాసులు, క్యాంపస్‌లోనే హాస్టల్. ప్రాచీన దక్కన్ చరిత్ర మీద పనిచేసిన ఆలోకా పరాశర్ సేన్ లాంటివాళ్లు పాఠాలు చెప్పిన శాఖ. మిగతా శాఖల్లో కోర్సులు తీసుకోవచ్చు. సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, తెలుగు శాఖలు అదే క్యాంపస్‌లో ఉండటం చిన్న లాభం కాదు. ఇబ్బంది ఒక్కటే: తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్ నరకంలా ఉంటుంది. రీడింగులన్నీ ఇంగ్లిష్‌లోనే, ఒక్కో వారానికి మూడు నాలుగు వ్యాసాలు. రెండో సెమిస్టర్‌కి సర్దుకుంటుంది. వేసవి సెలవుల్లో రోజూ పది పేజీల ఇంగ్లిష్ చరిత్ర పుస్తకం చదివి, అందులో రచయిత ఏం వాదిస్తున్నాడో నాలుగు వాక్యాల్లో రాసుకోవడం అలవాటు చేసుకుంటే ఆ సెమిస్టర్ సగం తేలికవుతుంది.

ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దక్కన్ చరిత్రకారుడు హెచ్.కె. షేర్వానీ పనిచేసిన చోటు. తార్నాక ఆర్కైవ్స్ పక్కనే. చరిత్రతో పాటు ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం అనే వేరే ఎంఏ కూడా ఉంది. చాలామందికి ఈ రెండో కోర్సు ఉందన్న సంగతే తెలియదు. ఇంత ఉన్నా రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ ఉన్న జబ్బు దీనికీ ఉంది. రిటైరైనవాళ్ల స్థానాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోవడం, కాంట్రాక్టు అధ్యాపకుల మీద బండి నడవడం. కాకతీయ, ఆంధ్రా, నాగార్జున, శ్రీవెంకటేశ్వర, ఎక్కడికి వెళ్లినా ఇదే. అందుకే రాష్ట్ర యూనివర్సిటీలో చేరేముందు ఆ శాఖలో ఇప్పుడు రెగ్యులర్ అధ్యాపకులు ఎవరెవరున్నారు, ఎవరు ఏ కాలం చెబుతారు అని కనుక్కోండి. వెబ్‌సైట్‌లో పేర్లు చూసి నమ్మకండి, రిటైరైనవాళ్ల ఫొటోలు కూడా అలాగే ఉంటాయి. మధ్యయుగం చెప్పే మనిషే లేని శాఖలో చేరి కాకతీయుల మీద పని చేద్దామనుకుంటే ఎవరూ సాయం చేయలేరు.

శాసనాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రం పెద్ద పేర్లు పక్కన పెట్టి ఈ ప్రాచీన చరిత్ర, పురావస్తు కోర్సులే చూడమంటాను. తిరుపతిలో శ్రీవెంకటేశ్వర, హైదరాబాద్‌లో ఉస్మానియా, బయట పుణె దక్కన్ కాలేజీ, బనారస్ హిందూ యూనివర్సిటీ. శాసనం నేర్చుకోవడం అంటే పుస్తకంలో లిపి పట్టిక చూడటం కాదు. రాయిని బ్రష్‌తో కడగాలి, తడిపిన కాగితం పరవాలి, గట్టి బ్రష్‌తో కొడుతూ పోతే కాగితం అక్షరాల గాడిలోకి దిగుతుంది. పైన సిరా అద్దితే గాడిలోకి దిగిన అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. దీన్నే ఎస్టాంపేజీ అంటారు. రెండు మూడు చేశాక గానీ రాయి పగులుకీ అక్షరం గీతకీ తేడా కంటికి ఆనదు. మొదటి తెలుగు శాసనంగా చెప్పుకునే కడప జిల్లా కలమళ్ల శాసనాన్ని అచ్చులో చదివి పొంగిపోయేవాళ్లు లక్షల్లో ఉన్నారు, రాతి మీద చదవగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఈ దారిలో ఎంఏ అయ్యాక గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. సీట్లు చాలా తక్కువ. శాసన విభాగం మైసూరులో ఉంది, అరబిక్, ఫారసీ శాసనాలకు నాగపూర్.

ఆంధ్రా యూనివర్సిటీ పెట్టింది 1926లో. మల్లంపల్లి సోమశేఖరశర్మ పనిచేసిన చోటు. బావికొండ, తొట్లకొండ, శాలిహుండం బౌద్ధ స్థలాలు, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, విజయనగరం జమీందారీ, మన్యం, ఇవన్నీ విశాఖ చుట్టూనే. ఉత్తరాంధ్ర మీద పని చేసేవాళ్లకు వేరే ఊరు వెతుక్కోవాల్సిన పనిలేదు.

జేఎన్‌యూ గురించి మనవాళ్లలో భయం ఎక్కువ, వివరం తక్కువ. అక్కడి సెంటర్ ఫర్ హిస్టారికల్ స్టడీస్‌ని రోమిలా థాపర్, బిపన్ చంద్ర, సర్వేపల్లి గోపాల్ లాంటివాళ్లు నిలబెట్టారు. గోపాల్ అంతకుముందు వాల్తేరులో, ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవారే. ఎంఏలో ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక అని ఒకటి ఎంచుకోవాలి. అసలు బలం ట్యుటోరియల్ పద్ధతి. మీరు వ్యాసం రాసి ఇస్తారు, టీచర్ ఎదురుగా కూర్చోబెట్టి "ఈ మాట ఎక్కడి నుంచి తెచ్చావు? దీనికి ఎదురు చెప్పినవాళ్లు ఎవరు?" అని అడుగుతారు. రాయడం అక్కడ వచ్చినట్టు ఇంకెక్కడా రాదని నా నమ్మకం. ట్యూషన్ ఫీజు ఏడాదికి కొన్ని వందలే. ఖర్చంతా మెస్, చలికాలం బట్టలు, రైలు టికెట్లు. హాస్టల్ మొదటి రోజే దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు, కొన్ని నెలలు మునీర్కాలోనో బేర్ సరాయ్‌లోనో గది తీసుకోవాల్సి రావచ్చు.

ఢిల్లీ యూనివర్సిటీ వేరే బాపతు. సీట్లు ఎక్కువ, క్లాసులు పెద్దవి, కోర్సుల ఎంపిక విశాలం. మిమ్మల్ని పట్టించుకునేవాళ్లు ఉండరు, తోసుకుని ముందుకెళ్లాలి. బిడియస్తులకు జేఎన్‌యూ, హెచ్‌సీయూలే మేలు. మధ్యయుగ భారతం, మొఘలుల ఆర్థిక వ్యవస్థ మీద పట్టు కావాలంటే అలీగఢ్‌కి సాటి లేదు, ఫారసీ నేర్పే ఏర్పాటు కూడా అక్కడుంది. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు హైదరాబాద్‌లోనే మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. షేర్వానీ పేరు మీద దక్కన్ అధ్యయన కేంద్రం అక్కడే.

డబ్బు లెక్క

ఎంఏ ఫీజు ఎక్కడైనా పెద్ద సమస్య కాదు, పీహెచ్‌డీకొచ్చాకే అసలు తేడా. నెట్‌లో బాగా పైన నిలిచినవాళ్లకిచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే ఎక్కడున్నా ఒకటే: 2023 నుంచి నెలకు 37,000, తర్వాత సీనియర్‌గా మారితే 42,000 రూపాయలు, దానిపై ఇంటద్దె భత్యం. జేఆర్‌ఎఫ్ రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకు 8,000 ఫెలోషిప్ ఉంటుంది, రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ భరోసా లేదు. ఎనిమిది వేలతో ఈ రోజుల్లో ఎవరూ బతకలేరన్నది నిజమే, హాస్టల్ గది ఉంటే మాత్రం ఇంటి మీద ఆధారపడకుండా గడుస్తుంది. 2024 జూన్ నుంచి నెట్ మార్కులే పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా వాడుతున్నారు. కాబట్టి ఎంఏ రెండో ఏడాదిలోనే నెట్ రాయడం మొదలుపెట్టాలి. హిస్టరీ నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. తెలుగులో ఎంఏ రాసినవాళ్లు సాంకేతిక పదాల ఇంగ్లిష్ రూపాలు మొదటి నుంచీ పక్కన రాసుకోకపోతే అక్కడ దెబ్బ తింటారు.

ఉద్యోగం చేస్తూ చదవాలంటే

అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో రెండూ యూజీసీ గుర్తింపు ఉన్నవే. తెలుగులో రాయాలనుకునే టీచర్లకు, ఇంట్లో పిల్లలున్న అమ్మలకు అంబేడ్కర్ యూనివర్సిటీ సులువు. ఇగ్నో పుస్తకాలు మాత్రం నాణ్యత లెక్కన చాలా ముందుంటాయి. దేశంలోని మంచి చరిత్రకారులు రాసినవి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి కూడా. ఎక్కడ చేరినా వాటిని చదవండి. దూరవిద్యలో ఎంఏ చేసి నెట్ కొట్టినవాళ్లు ఉన్నారు. దొరకనిదల్లా పక్కన కూర్చుని వాదించే నలుగురు స్నేహితులు, రికమెండేషన్ లెటర్ రాయగలిగేంతగా మిమ్మల్ని ఎరిగిన టీచరు. పరిశోధన చేయాలనుకునేవాళ్లకు ఈ రెండూ లేకపోవడం పెద్ద లోటే.

విదేశాల సంగతి క్లుప్తంగా. అప్పు చేసి బ్రిటన్‌లో ఏడాది ఎంఏ హిస్టరీ చేయడం నాకు నచ్చని పని. ఎంఎస్ చదివినవాళ్లలా వెంటనే జీతం వచ్చి అప్పు తీరే చదువు కాదిది. అమెరికాలో పేరున్న యూనివర్సిటీల పీహెచ్‌డీకి ఫీజు మాఫీ, స్టైపెండ్ రెండూ ఇస్తారు. ఇక్కడ ఎంఏ చేసి, ఒక మంచి పరిశోధనా వ్యాసం రాసి, దాంతో అక్కడికి ప్రయత్నించడం తెలివైన పద్ధతి. తెలుగు, ఉర్దూ రెండూ చదవగలిగిన విద్యార్థి అంటే అక్కడి దక్కన్ చరిత్రకారులకు ఎంతో అవసరం.

దరఖాస్తుల వేళ

సీయూఈటీ పీజీ ఈమధ్య మార్చిలో జరుగుతోంది, దరఖాస్తులు డిసెంబర్, జనవరిల్లోనే మొదలవుతాయి. చాలామంది డిగ్రీ పరీక్షలయ్యాక చూద్దామని ఊరుకుని ఇక్కడే తప్పిపోతారు. 75 ప్రశ్నలు, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. పేపర్ ఇంగ్లిష్, హిందీల్లో. హెచ్‌సీయూ, జేఎన్‌యూ, డీయూ, పాండిచ్చేరి, బనారస్ అన్నిటికీ ఈ ఒక్క పరీక్షే, కానీ మార్కులొచ్చాక ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. తెలంగాణ యూనివర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌కి ఏపీ పీజీసెట్. ఇవి వేసవిలోనో ఆ తర్వాతో వస్తాయి కాబట్టి మూడూ రాసుకోవచ్చు. బీటెక్, బీకాం చదివినవాళ్లు కూడా చాలాచోట్ల అర్హులే, ప్రాస్పెక్టస్‌లో మీ డిగ్రీ ఉందో లేదో చూసుకోండి.

ముందు రాష్ట్ర యూనివర్సిటీలో సీటొచ్చి చేరిపోయాక సెంట్రల్ యూనివర్సిటీ నుంచి పిలుపు వస్తే ఒరిజినల్ టీసీ, మార్కుల మెమోలు మొదటి చోట ఇరుక్కుంటాయి. చేరేటప్పుడే అన్నిటికీ రెండేసి అటెస్టెడ్ కాపీలు దగ్గర పెట్టుకోండి, సీటు వదిలితే ఫీజు ఎంత, ఏ తేదీలోపు వెనక్కిస్తారో కాగితం మీద చూడండి. రాష్ట్రం దాటి వెళ్లేవాళ్లు డిగ్రీ చదివిన యూనివర్సిటీ నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి, దానికి దరఖాస్తు చేసిన రోజునే ఇవ్వరు.